కొలువు దిగిన పోలీసు జాగిలాన్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి: హ్యాండ్లర్లకూ వారి ఇంటివారికీ సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో మా ఇంటికి వచ్చిన కొత్తలో మా లాబ్రడార్ తెల్లవారుజామున అయిదు గంటలకల్లా లేచి, గేటుకు ఎదురుగా కూర్చుని, అరుగు మీదున్న నా బూట్లనూ నన్నూ మార్చి మార్చి చూసేది. పేలుడు పదార్థాలను వాసన పట్టే జాగిలంగా అది ఎనిమిదేళ్లకు పైగా పనిచేసింది. బందోబస్తు ఉన్న రోజుల్లో ఆ వేళకే వ్యాను ఎక్కడం దానికి అలవాటు. నాలుగో రోజున మా అమ్మ దాని తల నిమురుతూ, “దీని కొలువు అయిపోయిందని మీ సారు నీకు చెప్పినాడు సరే, దీనికెవరు చెప్పినారు నాయనా?” అన్నది.

పదవీ విరమణ చేసిన జాగిలానికి విశ్రాంతి కావాలని అందరూ అంటారు. నేను చూసినంతలో దానికి చిన్న పని కావాలి. అది రోజూ కావాలి. ముసలి ఒంటికి తగినంతే కావాలి. నాటుబాంబుల కోసం కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో గడ్డివాములు వెతికిన జాగిలమైనా, పుట్టపర్తిలో ప్రముఖులు వచ్చినప్పుడు సభాస్థలిని తనిఖీ చేసిన జాగిలమైనా, దొంగ అడుగుజాడ పట్టుకుని చేలగట్ల వెంట పరుగెత్తిన ట్రాకరైనా, పనిని ఒక్కరోజులో లాగేసుకుంటే మంచాన పడినట్టే అవుతుంది. ఆ పనిని ఎలా తగ్గించాలో, ఆ తగ్గింపు చుట్టూ ఇంటినీ తిండినీ వైద్యాన్నీ ఎలా అమర్చుకోవాలో కింద వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఆరు నెలల ముందే కాగితాలు, ఇంటివారి ఒప్పుదల

జాగిలం ప్రభుత్వ ఆస్తి కాబట్టి, దాన్ని డ్యూటీలో నడిపించే పోలీసుకు, అంటే హ్యాండ్లరుకు, ఎంత మాలిమి అయినా, రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా ఇంటికి తీసుకువెళ్లడం కుదరదు. మామూలుగా ఎనిమిది నుంచి పదేళ్ల వయసులో, పశువైద్యుని పరీక్ష తరువాత, జాగిలాన్ని డ్యూటీ నుంచి తప్పిస్తారు. ఆ సమయం దగ్గరపడుతోందని ముందుగా గ్రహించేది హ్యాండ్లరే: వ్యానులోకి ఒక్క గెంతులో ఎక్కేది రెండోసారి ప్రయత్నిస్తుంది, మెట్లు దిగేటప్పుడు వెనుక కాళ్లను కలిపి వేస్తుంది, తనిఖీలో సగానికే నాలుక చాపి నీడకు చేరుతుంది. ఆ గుర్తులు కనిపించిన నాడే మీ అధికారికి అర్జీ పెట్టుకోండి.

అర్జీ కంటే ముందు ఇంట్లో అడగాలి. పోలీసు క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు, బడికి వెళ్లే పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఉన్నచోట 30 కిలోల జాగిలాన్ని సాకే భారం చాలావరకు ఇల్లాలి మీదే పడుతుంది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే తీసుకోకపోవడమే జాగిలానికి మేలు. జాగిలానికి రెండో హ్యాండ్లరు ఉంటే ఆయన ఇంటి సంగతి అప్పుడు కనుక్కోవచ్చు.

అప్పగింత రోజున అడిగి తీసుకోవలసినవి: టీకాల కార్డు, వైద్య రికార్డు నకలు, వేసిన మందుల వివరాలు, ఎవరినైనా కరిచి ఉంటే ఆ సంగతి, ఆఖరున అది పడుకున్న పాత గుడ్డ. ఆ గుడ్డను ఉతకవద్దు. జాగిలాన్ని హ్యాండ్లరు కాక వేరొకరు తీసుకుంటున్నట్లయితే, శిక్షణలో వాడిన ఆజ్ఞలను ఏ భాషలో, ఏ స్వరంతో చెప్పేవారో ఒక కాగితం మీద రాయించుకోవాలి. ‘సిట్’ అంటే కూర్చునే జాగిలం ‘కూచో’ అంటే మీ మొహం చూస్తూ నిలబడుతుంది, అది మొండితనం కాదు.

రెండో అడుగు: నేల, నీడ, నీళ్లు

మన అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల ఇళ్లలో జాగిలానికి మొదటి శత్రువు నేల. బేతంచెర్ల బండలైనా, నున్నగా పాలిష్ పెట్టిన కడప రాయి అయినా, మనకు చల్లగా హాయిగా ఉంటాయి గానీ, తుంటి కీళ్లు అరిగిన లాబ్రడార్‌కూ జర్మన్ షెపర్డ్‌కూ వాటి మీద పట్టు దొరకదు. మాది పాలిష్ బండల ఇల్లు. రెండో వారంలో నేను కంచం కింద పెట్టగానే అది ఆత్రంగా లేవబోయి, వెనుక కాళ్లు రెండూ చెరొక పక్కకు జారి, కూలబడింది. మూడు రోజులు కుంటింది. ఆ తప్పు నాదే. ఆ తరువాత పడక నుంచి నీళ్ల తొట్టికీ, అక్కడి నుంచి గుమ్మానికీ, గుమ్మం నుంచి వేపచెట్టుకీ గోనెపట్టాలు కలిపి కుట్టి దారిలా పరిచాను. కొబ్బరిపీచు పట్టాలు ఇంకా మేలు. గోళ్లు నేలకు తగిలి టకటకమని చప్పుడు చేస్తే పెరిగాయని అర్థం. పెరిగిన గోళ్లతో జాగిలం ఇంకా జారుతుంది. అరికాళ్ల మధ్య వెంట్రుకలను కూడా కత్తిరించాలి.

మార్చి నెలాఖరు నుంచి జూన్ వర్షాల దాకా నీడను ఒక మందుగానే లెక్కించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ సీమలో ఉదయం ఏడు లోపు, సాయంత్రం పొద్దు గూకిన తరువాత మాత్రమే బయటికి తీసుకువెళ్లండి. మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే జాగిలం అరికాళ్లు కూడా కాలుతాయి. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, వేడిని దించుకునేది ప్రధానంగా నాలుక చాపి రొప్పడం ద్వారానే. కాబట్టి రేకుల షెడ్డులో కట్టివేయడం క్రూరత్వం. మట్టి తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. 30 కిలోల జాగిలం రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. ఉన్నట్టుండి అంతకు రెట్టింపు తాగుతుంటే మూత్రపిండాలో, చక్కెర జబ్బో పరీక్ష చేయించాలి.

మూడో అడుగు: మొదటి ఇరవై ఒక్క రోజులు

ఈ మూడు వారాలు సరిగ్గా గడిస్తే తక్కినది సులువు. జాగిలాలను ఉంచే కెన్నెల్‌లో నిద్రలేపిన వేళ, నడిపించిన వేళ, తినిపించిన వేళ, దువ్విన వేళ మొదటి వారమంతా అవే ఉంచండి. రెండో వారంలో నిద్రలేపే వేళను రోజుకు అయిదేసి నిమిషాలు ఆలస్యం చేయండి. మూడో వారంలో నడక దూరాన్ని తగ్గించి, ఆ మిగిలిన సమయాన్ని నాలుగో అడుగులో చెప్పే వాసన పనికి కేటాయించండి. మారేది ఒకసారికి ఒక్కటే కావాలి.

పడకను మీ మంచం కనిపించేచోట వేయండి. ఏళ్ల తరబడి పక్క గూళ్లలోని జాగిలాల ఊపిరి వింటూ పడుకున్నది ఒక్కసారిగా ఒంటరి వరండాలో పడితే రాత్రంతా తిరుగుతుంది. మొదట్లో తలుపు గీకుతుంది, మూలుగుతుంది. కసరవద్దు, బుజ్జగించనూ వద్దు. మీ మాట వినబడితే చాలు, పడుకుంటుంది.

అన్నిటికంటే కష్టమైన సంగతి యూనిఫాం. హ్యాండ్లరు ఇంకా సర్వీసులోనే ఉంటే, ఆయన ఖాకీ తొడుక్కున్న ప్రతి ఉదయం జాగిలం లేచి పక్కన నిలబడుతుంది. గేటు వేసి ఆయన ఒక్కడే వెళ్లిపోతే, ఆ గేటు దగ్గరే సాయంత్రం దాకా ఉంటుంది, తిండి ముట్టదు. దీనికి నేను కనుక్కున్న ఉపాయం ఒకటి ఉంది. సెలవు రోజున యూనిఫాం వేసుకుని ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లో అరగంట పేపరు చదవండి, కాఫీ తాగండి, తరువాత విప్పేయండి. ఇలా పది పదిహేనుసార్లు చేస్తే ఖాకీకీ బయలుదేరడానికీ ఉన్న ముడి దాని మనసులో వదులవుతుంది. డ్యూటీకి వెళ్లే రోజున బయలుదేరే పది నిమిషాల ముందు దానికి వాసన పెట్టెలతో ఆట పెట్టి, అది మునిగి ఉండగా మాట్లాడకుండా వెళ్లండి. కౌగిలించుకుని వీడ్కోలు చెప్పడం మన తృప్తికే గానీ దానికి ఆందోళన పెంచుతుంది.

మీకు కొత్త జాగిలాన్ని అప్పగించి ఉంటే సంగతి ఇంకాస్త సున్నితం. సాయంత్రం మీరు ఇల్లు చేరగానే పాతది మీ ప్యాంటును మోకాలి నుంచి మడమ దాకా వాసన చూసి, తల పక్కకు తిప్పుకుని వెళ్లి తన గోనె మీద పడుకుంటుంది. నేను దాన్ని చూశాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. వీలైతే జాగిలాల దళం (స్క్వాడ్) ఆఫీసులోనే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని రండి. డ్యూటీలో ఛాతీకి కట్టిన పట్టీని (హార్నెస్సును), పొడవాటి తాడును ఇంట్లో కనబడనీయకండి. వేరే రంగు మెడపట్టీ కొని, ఇంటి నడకకు అదే వాడండి. హార్నెస్ వేస్తే పని మొదలైనట్టు అని దానికి నేర్పింది మనమే.

నాలుగో అడుగు: ముక్కుకు పని

కళ్లు మసకబారినా, చెవులు మందగించినా, ముసలి జాగిలానికి చాలావరకు ఆఖరుదాకా తోడుండేది ముక్కే. పది నిమిషాల వెతుకులాట చాలాసేపు నడిపించినంత అలసటను ఇస్తుంది, కీళ్ల మీద భారం పడదు. అందువల్ల ఈ మార్గదర్శిలో మిగిలినదంతా మరిచినా ఈ అడుగును మాత్రం వదలకండి.

కావలసినవి మూడు అట్టపెట్టెలు, మూతకు మేకుతో చిల్లులు పొడిచిన చిన్న రేకు డబ్బా ఒకటి, నాలుగు లవంగాలు, దానికి ఇష్టమైన బంతి. లవంగాలను గుడ్డలో కట్టి డబ్బాలో వేసి మూత బిగించండి. అది నమలకూడదు, వాసన మాత్రమే రావాలి. మొదటి రెండు రోజులు డబ్బాను దాని ముక్కు ముందు పెట్టి, వాసన చూసిన క్షణంలోనే బంతి ఇవ్వండి. మూడో రోజున డబ్బాను ఒక పెట్టెలో పెట్టి, మూడు పెట్టెలనూ వరుసగా ఉంచి, మునుపటి వెతుకు ఆజ్ఞ కాకుండా కొత్త మాట చెప్పండి. మేము ‘ఎక్కడుంది’ అంటాం. పాత ఆజ్ఞ వాడితే అది పాత వాసననే వెతుకుతుంది. పట్టుకోగానే అది తనకు నేర్పిన విధంగా కూర్చుంటుంది, చూపు పెట్టె మీదే నిలుపుతుంది, తోక కూడా ఆడదు. బంతి విసరకుండా నేల మీద దొర్లించండి, గెంతితే కీళ్లకు దెబ్బ. తరువాతి వారాల్లో డబ్బాను గడప వెనుక, పూలకుండీ పక్కన, చీపురుకట్ట చాటున దాచవచ్చు. ప్రతిసారీ దొరకాలి, ఓటమితో ఆట ముగించవద్దు. దొరకకపోతే సులువైన చోట మరొకసారి పెట్టి, గెలిపించి, ఆపండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అయిదు నుంచి పది నిమిషాలు చాలు.

ట్రాకర్‌కు ఈ పెట్టెల ఆట రుచించకపోవచ్చు. దానికి మీరు వాడిన చేతిరుమాలును తాడుకు కట్టి, మెత్తటి మట్టి ఉన్న చేలో యాభై అడుగుల దూరం ఈడ్చి, చివర పాత చెప్పు పెట్టి రండి. పొద్దున మంచు తడి ఆరకముందు వాసన నేలను అంటిపెట్టుకుని ఉంటుంది.

పేలుడు పదార్థాల జాగిలంతో ఒక హెచ్చరిక. టపాకాయల మందుతో గానీ, అగ్గిపెట్టెలతో గానీ ఎన్నడూ ఆడించవద్దు. కంకర క్వారీలో పనిచేసే మా బంధువు ఒకాయన పండక్కి వచ్చి సంచీ కింద పెట్టగానే, జాగిలం వచ్చి దాని ముందు కూర్చుని శిలలా బిగుసుకుంది. సంచీలో రెండు చొక్కాలు తప్ప ఏమీ లేవు; పేలుళ్ల దగ్గర పనిచేసిన బట్టలకు అంటిన వాసన అది. ఆయన చిన్నబుచ్చుకున్నారు, మా పిల్లలు నవ్వారు. అలాంటప్పుడు దాన్ని తిట్టకూడదు, ఎందుకంటే తన పని అది తప్పు లేకుండా చేసింది. అలాగని అక్కడే బంతి ఇచ్చి పాత పనిని బలపరచనూ కూడదు. మెల్లగా ‘శభాష్’ అని, పేరు పెట్టి పిలిచి, దూరం తీసుకువెళ్లి, లవంగం డబ్బా వెతికించండి. ముక్కూమొహం తెలియని సంచీ ముందో, నిలిపి ఉంచిన వాహనం ముందో అలా కూర్చుంటే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా, చుట్టుపక్కల వారిని దూరం పంపి, 112కు ఫోన్ చేయండి. దీపావళి మూడు రోజులూ లోపలి గదిలో, కిటికీలు మూసి ఉంచండి.

ఐదో అడుగు: కంచం

కెన్నెల్‌లో కొలిచి పెట్టిన తిండి తిన్న జాగిలం ఇంటికి రాగానే అందరి చేతి ముద్దలూ తిని ఆరు నెలల్లో పీపాలా తయారవుతుంది. అదనపు ప్రతి కిలో అరిగిన తుంటి మీదే పడుతుంది. 30 కిలోల జాగిలం ఏ కదలికా లేకుండా బతకడానికి రోజుకు సుమారు 900 కిలోకేలరీలు కావాలి. ఇంటి నడకలు చేసే ముసలి జాగిలానికి 1,200 దాకా సరిపోతాయి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఎముకలు తగలాలి, కంటికి కనబడకూడదు.

మన ఇళ్లలోని రాగి సంగటి, ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ ముక్క, కొద్దిగా పెరుగు దానికి సరిపోయే భోజనమే, ఉప్పూ కారమూ తాళింపూ లేకపోతే. తిండి మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం రోజులు తీసుకోండి. రోజుకు రెండు పూటలు పెట్టండి. తిన్న తరువాత గంటసేపు పరుగులు వద్దు. లోతైన ఛాతీ ఉన్న జర్మన్ షెపర్డ్, డాబర్మన్‌లలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది: పొట్ట బిగిసి, వాంతికి ఓకరిస్తూ ఏమీ రాకపోతే, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికించిన ఎముకలు పేగులను చీలుస్తాయి. అనంతపురం వారు మరొకటి గుర్తుంచుకోవాలి: బూజు పట్టిన వేరుశనగ కాయలు, పాత శనగచెక్క. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిండి మానడం, వాంతులు, చిగుళ్లు పసుపు పచ్చబడడం దాని గుర్తులు. కల్లంలో కట్టేసి ఉంచిన జాగిలం ఊరికే నములుతూ కూర్చుంటుంది, మనం గమనించం.

ఆరో అడుగు: వైద్యం

ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష, మూత్రపరీక్ష, బరువు, దంతాలు, గుండె చప్పుడు చూపించండి. డాబర్మన్‌కు గుండె కండరం బలహీనపడే జబ్బు ఎక్కువ కాబట్టి గుండె పరీక్షను వాయిదా వేయవద్దు. రేబీస్ టీకా గడువు తప్పనివ్వకండి. స్థానిక పశువైద్యశాలలో తేలని కేసులకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు మనకు అందుబాటులో ఉన్నాయి; వెళ్లేటప్పుడు స్క్వాడ్ వైద్య రికార్డును వెంట తీసుకువెళ్లండి.

కీళ్ల నొప్పి కుక్కలో కుంటుగా మాత్రమే కనబడదు. లేవడానికి ఆలోచించడం, ఒకే కాలిని నాకుకోవడం, వీపు తాకితే గుర్రుమనడం కూడా నొప్పే. డ్యూటీలో దెబ్బ తగిలినా పని ఆపకూడదని నేర్చిన జాగిలాలు నొప్పిని బాగా దాస్తాయి. ఒక మందుల షాపులో అడిగితే మనుషుల నొప్పి మాత్రలు సగం వేయమని నాకు ఉచితంగా సలహా ఇచ్చారు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్‌లు కుక్కల కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి. పశువైద్యుడు రాయని నొప్పి మాత్ర ఒక్కటి కూడా వేయవద్దు.

పిడుదుల జ్వరం మన ప్రాంతపు పెద్ద శత్రువు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనిక జాగిలాలను పెద్ద సంఖ్యలో బలిగొన్న ఎర్లీకియా ఇదే. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద రోజూ వేలితో తడిమి చూడండి. జ్వరం, మందకొడితనం, పాలిపోయిన చిగుళ్లు, పొట్ట మీద ఎర్రచుక్కలు, ముక్కు నుంచి నెత్తురు కనబడితే రక్తపరీక్ష అదే రోజు చేయించాలి. దీనికి డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 28 రోజులు వాడతారు. పదో రోజుకే హుషారు వచ్చిందని ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది.

వడదెబ్బకు వెంటనే చేయవలసిన పని నీడకు చేర్చి, పొట్టను, చంకలను, తొడల లోపలి భాగాన్ని మామూలు నీళ్లతో తడుపుతూ విసరడం. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే ప్రాణాపాయం. 103.5కు దిగగానే తడపడం ఆపి, వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి.

చేలల్లో రక్తపింజర గానీ, ఇసుక పింజర గానీ కాటేస్తే కట్టు కట్టవద్దు, కోయవద్దు, నడిపించవద్దు, ఎత్తుకుని తీసుకువెళ్లండి. మనుషులకు వాడే పాము విషం విరుగుడునే జాగిలాలకూ వాడతారు, అది ఎక్కడ నిల్వ ఉందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

ఏడో అడుగు: పిల్లలు, వచ్చేపోయేవారు, వీధి కుక్కలు

ఒక్క నియమం చాలు: దాని నోటిలోని బంతిని, దాని కంచాన్ని పిల్లలు ముట్టుకోకూడదు. బంతి దానికి జీతం. గేటుకు గొళ్లెం, బయట మెడపట్టీకి తాడు ఎప్పుడూ ఉండాలి. వీధి కుక్కలతో దెబ్బలాటకు ముసలి జాగిలం వెనుకాడదు గానీ గెలవలేదు.

ఎనిమిదో అడుగు: ఆఖరి రోజులు

బంతిని దొర్లిస్తే తల తిప్పకపోవడం, రెండు రోజులు వరుసగా తిండి మానడం, లేవలేక పడకలోనే తడుపుకోవడం, మందు వేసినా మూలుగు ఆగకపోవడం – వీటిని ఒక కేలండరు మీద రోజూ గుర్తు పెట్టండి. మంచి రోజుల కంటే చెడ్డ రోజులు ఎక్కువైన వారంలో వైద్యునితో మాట్లాడండి. నిద్రమందు ఇచ్చి బాధ లేకుండా పంపించడాన్ని పాపమని చాలామంది హ్యాండ్లర్లు అనుకుంటారు. ఆ నొప్పిని చూస్తూ కూర్చోవడమే నాకు ఎక్కువ పాపంగా తోచింది. ఆ పని దాని పడక మీద, ఇంట్లోనే జరిగేలా వైద్యుణ్ణి అడగండి. పాతిపెట్టడానికి నీటి బావికి దూరంగా కనీసం నాలుగడుగుల గుంత తీయించి, సున్నం చల్లించండి. మన చిట్టి రాళ్ల నేలలో గుంత తవ్వడానికి సగం రోజు పడుతుంది కాబట్టి మనిషిని ముందే మాట్లాడుకోవాలి. స్క్వాడ్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి. దానితో పనిచేసిన రెండో హ్యాండ్లరు బదిలీ మీద ఆదోనిలో ఉన్నా, రాయచోటిలో ఉన్నా, నిద్రమందు ఇచ్చే రోజుకు ఒకటి రెండు రోజుల ముందే కబురు పంపండి. అది ఇంకా మనిషిని వాసన పట్టగలిగి ఉండగానే ఆయన వచ్చి చేరాలి.